మేడ మీద నెత్తళ్లు

"సగం పళ్లెం ఏమైంది?"

ఆదివారం పొద్దున్నే మేడ దిగి వచ్చిన ప్రేమలీల, నెత్తళ్లనే చిన్న చేపలు ఆరబెట్టిన పళ్లెం తెచ్చి భర్త చదువుతున్న పేపరు మీద పెట్టింది.

"నన్నడుగుతావేంది? పిల్లి తినుంటుంది," అన్నాడు సమాధానం, పేపరు కిందినుంచి లాక్కుంటూ.

"పిల్లి తలకాయలు గిల్లి, పిట్టగోడ మీద కుప్పగా పెట్టి మరీ తింటుందా?"

సమాధానం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తలకాయలా?"

"ఉప్పు చేప ముట్టొద్దని డాక్టరు చెప్పి మూడు నెలలు కాలేదు. బీపీ మనిషి మీరు."

"ముడితే కదా! అయినా పోయి పోయి పార్క్ గారి గుమ్మం ముందర ఆరబోస్తావేంది? రెండు రోజులుగా ఆయన అట్టపెట్టెలు సర్దుతా ఉండాడు, చూసినావా? ఈ వాసన పడకే! ఆయన పోతే కంపెనీ వాళ్లు ఇంకెవరూ మన మేడ ఎక్కరు."

పార్క్ కొరియా మనిషి. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. రెండేళ్లుగా వాళ్ల మేడ మీది రెండు గదుల్లో అద్దెకుంటున్నాడు. ఆ వీధిలో విదేశీయుడు అద్దెకున్న ఇల్లు అదొక్కటే. చర్చికి కొత్తగా ఎవరు వచ్చినా, సమాధానం పేరు తెలిసేలోపే వాళ్లకు ఆ సంగతి తెలిసిపోయేది.

"కావాలంటే పెరట్లో నా స్కూటర్ పక్కన ఆరబెట్టుకో," అన్నాడు సమాధానం.

"అక్కడ ఎండేదీ?"

"నీడలో ఆరితే ఏం పోయింది?"

ప్రేమలీల పళ్లెం చేతిలోకి తీసుకుంది. నెత్తళ్లను నీడలో ఆరబెట్టమనే మనిషితో ఇరవై రెండేళ్లు కాపురం చేసినందుకు తన మీద తనే కాసేపు జాలిపడింది.

"నాన్నా, పార్క్ అంకుల్‌ని భోజనానికి పిలుద్దాం. కోడికూర తింటే ఆగిపోతాడేమో," అంది కూతురు ఏంజెలిన్, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

"అదీ మాట! లీలా, నెత్తళ్లు మాత్రం ఆయన కంటపడకూడదు."

చర్చి నుంచి రాగానే సమాధానం ఇల్లంతా సెంటు కొట్టాడు. ప్రేమలీల పళ్లేన్ని బీరువా మీదకు ఎక్కించి, దానిమీద పాత పేపరు కప్పింది. ఒంటిగంటకు పార్క్ చంకలో ఒక అట్టపెట్టెతో దిగి వచ్చాడు. భోజనం ముందు ప్రార్థన అయ్యేదాకా తల వంచుకుని కూర్చుని, ఆమెన్ అందరికంటే గట్టిగా చెప్పాడు.

"అన్నా, ఒక మాట చెప్పాల," అన్నాడు, ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర నేర్చిన తెలుగులో. "ఉద్యోగం మానేసినాను."

సమాధానం భార్య వైపు చూశాడు. అంతా నీ నెత్తళ్ల వల్లే అన్నట్టుంది ఆ చూపు.

"వాసన గురించయితే, పార్క్ గారూ..."

"మా కంపెనీ నన్ను మా దేశానికి వచ్చేయమనింది. నేను పోను అన్నాను. ఇక్కడే సొంతంగా బిజినెస్ పెడతాను. కొత్త వీసాకి కాగితాలు కూడా ఇచ్చినాను."

"ఇక్కడా? ఏం బిజినెస్సు?"

పార్క్ పెట్టె తెరిచాడు. లోపల వరసగా చిన్న చిన్న ప్యాకెట్లు. వాటి నిండా తలలు తీసిన ఎండు నెత్తళ్లు.

"మా ఇళ్లల్లో సూపు కాచేది దీంతోనే. తల, పొట్ట తీసేసి. ఇక్కడ చాలామంది దగ్గర కొని చూసినాను. అక్క ఆరబెట్టినట్టు ఎవరూ ఆరబెట్టరు. ఒక్క ఇసక రేణువు ఉండదు. చెప్పకుండా శాంపిల్ తీసి మా ఊరికి పంపినాను. సారీ అక్కా. వాళ్లు నెలకి రెండు వందల కిలోలు అడుగుతున్నారు. ఆరబెట్టే పనికి అక్కే బాస్."

ప్రేమలీల గరిటె కింద పెట్టింది. మొహం మీదికి వస్తున్న నవ్వును కొంచెం సేపు ఆపుకుంది.

"మూడు ఎండలు పడాల్సిందే. తొందరగా కావాలని రెండో రోజే తీసేయమంటే నేను చెయ్యను."

"అందుకే అక్క బాస్."

"అయితే సరే. రేపటి నుంచే." అని భర్త వైపు తిరిగింది. "ఆ తలకాయలు ఈయనవంట. పొద్దున అనవసరంగా మిమ్మల్ని అన్నాను."

"ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నా మాట నమ్మినావా?" సమాధానం కోడికూర ఇంకొంచెం వడ్డించుకున్నాడు. ఛాతీ కాస్త పొంగింది. "మరి పార్క్ గారూ, సరుకు పెట్టేదానికి గోడౌను కావాలి గదా?"

"వెనక వీధిలో తీసుకున్నాను అన్నా." పార్క్ జేబులోంచి తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టాడు.

"అది నా దగ్గర ఉండనీండి. నమ్మకమైన మనిషి చేతిలో ఉండాల అట్లాంటివి."

"ఇచ్చేయండి అంకుల్, పాపం!" అంది ఏంజెలిన్.

పార్క్ తాళంచెవిని మెల్లగా జరిపి ప్రేమలీల కంచం పక్కకు చేర్చాడు.

"వద్దన్నా. నేను తీసింది రోజుకి గుప్పెడే. మిగతాదంతా మీ స్కూటర్ డిక్కీలో బజ్జీల బండి దగ్గరికి పోయి, అక్కడే వేగి, అక్కడే అయిపోతుంది గదా. నేను కూడా సాయంత్రం బజ్జీలు తినేది ఆ బండి దగ్గరే."