ఏమీ చెప్పకపోతే

"పాత సమాచారాన్ని తొలగించకుండా ఉండటం మీకు ఇష్టం లేదా?"

తిజానీ లాప్‌టాప్ తెర మీది ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. అవునంటే పోతుందో, కాదంటే పోతుందో అంతుపట్టలేదు. ఎక్కడో ఎవరో ఈ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుంటుంటే ఈ ప్రశ్న ఎదురవుతుంది. కంగారులో ఎంటర్ నొక్కేస్తారు. దాచుకున్నదంతా పోతుంది.

"పాత సమాచారాన్ని ఉంచమంటారా?" అని మార్చాడు. వేళ్ళు వణకడంతో కొన్ని అక్షరాలు రెండేసి పడ్డాయి.

ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊళ్ళో ఆసుపత్రి గది అది. అతను కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. భార్య దలెండా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నిన్నటి నుంచి ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు. కూతురు గోధుమ రవ్వతో వండి పంపిన కుస్‌కుస్ గిన్నె మూత కూడా తీయలేదు. ఇంకాసేపట్లో ఆపరేషన్.

"ఇవాళ కూడా ఆ పనేనా?" అంది దలెండా, ఇటు తిరగకుండానే.

"ఊరికే ఉంటే చేతులు వణుకుతున్నాయి."

"ఇప్పుడూ వణుకుతున్నాయిగా. ఆ టకటకలోనే తెలుస్తోంది."

పత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు తిజానీ. ఆ తర్వాత, సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా పంచేవాళ్ళతో చేరాడు. ఆ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల పరిచయ వాక్యాలనూ, అవి అడిగే ప్రశ్నలనూ తేట చేస్తాడు. దిద్దిన ప్రతి వాక్యాన్నీ ముందు దలెండాకు చదివి వినిపిస్తాడు. కూర తరుగుతున్న ఆమె చేతిలో కత్తి ఆగిందంటే, ఆ వాక్యం మళ్ళీ రాయాల్సిందే.

తలుపు తీసుకుని డాక్టర్ ఇబ్తిసామ్ వచ్చింది. దలెండా కళ్ళు మూసుకునే ఉంది.

"తిజానీ గారూ, ఒక సంగతి ముందే చెప్పి ఉంచాలి," అంది డాక్టర్, గొంతు తగ్గించి. "గుండె ఆపరేషన్ కదా. ఒక్కోసారి తర్వాత స్పృహ రాదు. అలాంటప్పుడు బయట కూర్చున్నవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాం."

"ఏమని?"

"'స్పృహ రాని పక్షంలో శ్వాస యంత్రాన్ని నిలిపివేయకుండా ఉండనవసరం లేదని మీరు అంగీకరిస్తున్నారా' అని."

తిజానీకి ఆ మాటలు తెలుసు. నిన్న పక్క గది అబ్బాయిని వరండాలో ఇదే అడిగారు. నాన్నను బతికించడానికే అనుకుని వాడు అవునన్నాడు. యంత్రం ఆపేశారు. తర్వాత కనపడినవాళ్ళందరినీ పట్టుకుని, "నేను దేనికి అవునన్నాను?" అని అడుగుతూ తిరిగాడు.

"దీన్ని మారుద్దాం డాక్టరమ్మా," అన్నాడు.

"ఇది మేం ఎప్పుడూ అడిగే మాటే."

"భయంతో ఉన్నవాళ్ళు సగమే వింటారు. ఆ సగంలోనే అర్థమైపోవాలి."

డాక్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇద్దరూ ఒక్కో ముక్కా పట్టుకున్నారు. 'పక్షంలో' పోయింది. 'అంగీకరిస్తున్నారా' పోయింది. అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో చేర్చారు.

"మరి వాళ్ళు ఏమీ చెప్పలేకపోతే?" అంది డాక్టర్. "చాలామంది నోరు పెగలక ఏడుస్తూ కూర్చుంటారు."

తిజానీ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆలివ్ బుట్టలతో ఒక ట్రక్కు వెళ్తోంది. కళ్ళకు అది సరిగ్గా ఆనలేదు.

"ఏమీ చెప్పకపోతే యంత్రం తీసెయ్యండి," అన్నాడు.

"బాగా ఆలోచించే అంటున్నారా?"

"ఆలోచించే."

డాక్టర్ తల ఊపింది. "సరే. ఈ మాట చెప్పే హక్కు మీదే," అని లేచి వెళ్ళిపోయింది.

తిజానీ మార్చిన మాటలను తెర మీద టైపు చేసుకున్నాడు.

"చదువు," అంది దలెండా.

"నిద్రపోయావనుకున్నాను."

"చదవవయ్యా."

తిజానీ చదివాడు. "'ఇక స్పృహ వచ్చే ఆశ లేదు. యంత్రంతోనే ఊపిరి ఆడుతోంది. యంత్రం ఉంచమంటారా? ఉంచమంటే కొంతకాలం ఇలాగే సాగుతుంది. వద్దంటే ఊపిరి ఆగిపోతుంది, మళ్ళీ వెనక్కి తేలేం. మీరు ఏమీ చెప్పకపోతే, వద్దన్నట్టే తీసుకుంటాం.'"

తల ఎత్తి ఆమెవైపు చూశాడు.

"అర్థమైందా?" అన్నాడు.

"అర్థమైంది. అందుకే భయమేస్తోంది."

తిజానీ తెర మీది వాక్యాలను మళ్ళీ పైనుంచి చూసుకున్నాడు.

"ఆ చివరి మాట నీదేనా?"

"నాదే."

"మనిషి ఏమీ చెప్పకపోతే నష్టం లేనిదే జరగాలని కదయ్యా ఎప్పుడూ అంటావు?"

"ఈసారి అదే నష్టం లేనిది, దలెండా."

ఆమె వేళ్ళు గోడ మీద సున్నం పెచ్చును గీరుతున్నాయి. 

"తీసెయ్యమంటావా ఆ మాట?" అన్నాడు తిజానీ. 

"ఉంచు."

దుప్పటి తల మీదికి లాక్కుంది. కాసేపు దుప్పటి వణికింది. తర్వాత ఆగింది. ఎట్టకేలకు ఆమెకు నిద్ర పట్టింది.

తిజానీ లాప్‌టాప్ మూసి కిటికీ గట్టు మీద పెట్టాడు. వరండా చివర చక్రాల చప్పుడు మొదలైంది. అది తమ గది దాటి పోతే బాగుండునని, మరెవరి కోసమో అయితే బాగుండునని అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. చప్పుడు తలుపు దగ్గరికొచ్చి నెమ్మదించింది.

నర్సు చక్రాల మంచాన్ని లోపలికి తోసి, నిద్రపోతున్న దలెండా పక్కగా తీసుకెళ్ళి, కిటికీ పక్కన కుర్చీలో ఉన్న తిజానీ ముందు ఆపి, "పడుకోండి బాబాయ్, డాక్టరమ్మ సిద్ధంగా ఉన్నారు," అంది.