ప్రతి వాక్యంలోనూ ‘నేను’

“నా రిపోర్టుల ‘మేము’ అని ఎక్కడా రావొద్దు సంపత్. ప్రతి వాక్యంల ‘నేను’ అనే ఉండాలె. నేను చూసిన, నేను లెక్క కట్టిన, నేను చేసిన. అట్లయితేనే ఆస్ట్రేలియా వాళ్లు నన్ను ఇంజినీరుగ ఒప్పుకుంటరు. ఆ కాయితం చేతికొస్తేనే అక్కడి గనులల్ల నౌకరి,” అన్నాడు భూపాల్.

గోదావరిఖనిలోని ఆ రెండు గదుల క్వార్టరుకు గని ఇంజినీరు భూపాల్ రావడం అదే మొదటిసారి. ఈ గనికి వచ్చిన ఏడేళ్లలో ఏనాడూ ఈ వీధి మొహం చూడని మనిషి, అవసరం పడేసరికి అడ్రసు అడుక్కుంటూ వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకిచ్చి, ఫోర్‌మన్ సంపత్ మంచం పట్టె మీద కూర్చున్నాడు.

“ఏ పని గురించి రాయాలె సార్?”

“ఇంకేముంది? 2006 వానాకాలం పంపుల పని.”

చాయ్ తెస్తున్న సంపత్ భార్య సంతోషి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ పని ఎవరిదో గనిలో అందరికీ తెలుసు. ఆ ఏడు వరద నీళ్లు గనిలోకి దిగాయి. అంత లోతు నుంచి ఒక్క ఊపున నీళ్లు పైకెత్తే పంపు గనిలో లేదు. సంపత్ సగం దూరంలో ఒక గుంత తవ్వించాడు. అడుగు నుంచి గుంతలోకి ఒక పంపు, గుంత నుంచి పైకి ఇంకో పంపు పెట్టించి, మూడు రోజులు ఇంటికి రాకుండా నీళ్లన్నీ తోడించాడు. ఛబ్బీస్ జనవరి నాడు శాలువా మాత్రం భూపాల్ భుజాల మీద పడింది. “అది నా పని సార్” అన్న పాపానికి సంపత్‌ను దూరాన ఉన్న గోలేటి గనికి బదిలీ చేయించాడు. తండ్రి రాయమల్లు దవాఖానలో ఉన్నాడని, వెనక్కి పంపమని సంపత్ పెట్టుకున్న అర్జీని భూపాలే తొక్కిపెట్టాడు. చివరికి బదిలీ మీద కొడుకు తిరిగొచ్చేసరికి ముసలాయన లేడు. ఆ కడుపుమంట ఐదేళ్లయినా ఆ ఇంట్లో చల్లారలేదు.

“నాలుగు దినాలల్ల ఇయ్యి. నీ ప్రమోషన్ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది, యాదుంచుకో,” అన్నాడు భూపాల్. “ఇంకో మాట. ఎవరిదన్న చూసి కాపీ కొట్టేవు! వచ్చిన ప్రతి రిపోర్టును అంతకుముందు వచ్చిన వాటితోటి పోల్చి చూస్తరు. హైదరాబాద్‌ల ఒకాయన గట్లనే దొరికిపోయిండు. ఇగ జన్మల మళ్ల రావొద్దని రాసి పంపిన్రు.”

“కాపీ కొట్టుడు నాకు చాతగాదు సార్. అంత నేనే రాస్త.”

“మంచిది. నీ అసోంటి డిప్లొమా వాళ్లకు గూడ వేరే దర్జా ఏదో ఇస్తరట గని, నీకెందుకులే ఆ తిప్పలు,” అని నవ్వి, చాయ్ ముట్టకుండానే లేచాడు.

జీపు మలుపు తిరిగిందో లేదో, సంతోషి విరుచుకుపడింది.

“సిగ్గనిపిస్తలేదా బావా? ఒకపారి వాడు గుంజుకున్నడు. ఇప్పుడు నువ్వే రాసి చేతుల పెడుతవా?”

“ప్రమోషన్...”

“మంటల వెయ్యి నీ ప్రమోషన్! మామ ఆఖరి చూపు దక్కనియ్యలే వాడు.”

“నేను మర్చిపోయిననుకుంటున్నవా?”

“యాదికుంటే ఒక్క లెక్క తప్పు రాయి. అక్కడోళ్లు పట్టుకుంటరు. దెబ్బకు వాని ఆస్ట్రేలియా గోదాట్ల కలుస్తది.”

“తప్పు రాస్తే నా పని పరువే పోతది. ఒక్క అంకె గూడ తప్పు రాయ.”

“మెత్తనోన్ని చూస్తే మొత్తబుద్ధి అని ఊకెనే అన్లే,” అని ఆమె విసురుగా లోపలికి పోయింది. ఆ నాలుగు రోజులూ కంచంలో అన్నం పెట్టిందే తప్ప అతనితో మాట్లాడలేదు.

నాలుగో రోజు, ఫస్ట్ షిఫ్టు దిగిన సంపత్ వెనకే భూపాల్ వచ్చాడు. అదే కుర్చీలో కూర్చుని, పన్నెండు పేజీలు తిరగేశాడు. ‘నేను గుంత లోతు లెక్క కట్టాను. నేను రెండు పంపులను అమర్చాను.’ ఇంగ్లిషులో ఆయన దర్జాగా పైకి చదువుతుంటే, లోపల సంతోషికి ఒళ్లు భగ్గుమంది.

“అబ్బ! అచ్చం నేనే చేసినట్టున్నది,” అన్నాడు భూపాల్. “నా మీద ఇంక కోపం ఉంటదేమో అనుకున్న సంపత్.”

“ఎప్పటి ముచ్చట సార్ అది.”

“ఏమన్న మార్చాల్నా?”

“పైన పేరు మీది పెట్టుకోండ్రి సార్. తక్కింది అక్షరం గూడ కదిలియ్యకుండ్రి. ఒక్క మాట మారినా లెక్క చెడుతది.”

మర్నాడు మధ్యాహ్నం భూపాల్ ఫోన్ చేశాడు. రిపోర్టు ఉన్నదున్నట్టు పోయిందట, ఇక వీసాకు తయారవుడేనట. “సంబురం సార్” అని ఫోన్ పెట్టేసి, సంపత్ నవ్వడం మొదలుపెట్టాడు. ఐదేళ్లలో అంతగా నవ్వింది లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

సంతోషికి మాట్లాడక తప్పలేదు. “నీ కష్టం మళ్లొకపారి వాని పేరు మీద పాయె. నీకు నవ్వొస్తున్నదా?”

“పోయింది. ఇగ వాడు వాపస్ తీసుకుందామన్నా రాదు.”

“లోపల ఏమన్న తప్పు రాసినవా?”

“ఒక్కటి లేదు.”

“మరెందుకయ్య ఆ నవ్వు?”

“అదే రిపోర్టు మూడు నెలల కిందనే నా పేరు మీద అక్కడికి పోయింది.”