ఒంటి బూటు

మంచు కరిగే ఏప్రిల్ నెల బురదలో వెర్మాంట్ మట్టిదారి ఎవరినీ ఊరికే పోనివ్వదు. ఏదో ఒకటి ఉంచుకుంటుంది.

ఆ ఉదయం ఒక ముసలావిడ ఎడమకాలి బూటు ఉంచుకుంది.

కట్టెల వ్యాపారి లూసియన్ తీబో ట్రక్కు ఆపాడు. ఆమె కొండదారి పక్కన రాతిగోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడి ఉంది. చంకలో గుడ్ల అట్టపెట్టె.

"కారేదండీ?"

"పైన దిగబడింది. నడిచొస్తుంటే బూటు కూడా పోయింది. గుడ్లు మాత్రం క్షేమం."

"ఎక్కడికెళ్లాలి?"

"భూట్రస్టు సమావేశానికి, బాబూ."

"నేనూ అక్కడికే. ఎక్కండి."

సీటు వెనక అతని పాత బూట్ల జత ఉంది. ఎడమది తీసిచ్చాడు. ఆమె పాదం అందులో బానలో గరిటెలా ఆడింది.

కొండమీద ఉండేది అంతా కలిగినవాళ్లు. తక్కువ జీతాలవాళ్లకు చవగ్గా ఇళ్లిచ్చే ట్రస్టుకు అక్కడ ఒక్క ఇల్లూ లేదు. వాళ్లు ట్రస్టుకు చందా కడతారు, ఏడాదికోసారి వచ్చి ఓటేస్తారు, సూప్ తాగి వెళ్తారు. లూసియన్ ఆమెను ఆ లెక్కలో వేసేశాడు. అడగలేదు. చూపుతోనే సరుకుకు ధర కట్టడం అతని అలవాటు.

"ఇవాళ నా తీర్మానం ఉంది," అన్నాడు. "ఇల్లు నాది, కింద నేల ట్రస్టుది. సరే. తక్కువకే కొన్నాను, కాదనను. కానీ అమ్మేటప్పుడు పెరిగిన ధరలో పావు వంతే నాకట. ముప్పావు ఇంట్లోనే వదిలెయ్యాలట, తర్వాత కొనేవాడికి చవగ్గా దొరకాలని. ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు చెప్పండి?"

"ఏ వ్యాపారీ ఒప్పుకోడు," అంది ఆమె.

"అదీ మాట. ఇకమీద అమ్మేవాళ్లకు పెరిగిందంతా దక్కాలి. మా అమ్మాయి ఒడీల్ బడి వంటగదిలో పనిచేస్తుంది. చంటిదాన్ని పెట్టుకుని నా ముందుగదిలో సోఫామీద పడుకుంటోంది. నా ఇల్లు పూర్తి ధరకు పోతే దానికో గూడు ఏర్పాటు చేస్తా."

"ట్రస్టులో పేరు రాయించలేదా?"

"ఎప్పుడో రాయించింది. ఎవరైనా ఖాళీ చేస్తేగా."

"చేస్తారులే, బాబూ. ఎవరూ ఇల్లు నెత్తిన పెట్టుకుని పోరు."

హాల్లో అతనే ఆమెను కిటికీ పక్కన, హీటరు దగ్గర కూర్చోబెట్టాడు. మేజోడు ఆరాలి కదా. సూప్ కూడా తెచ్చిచ్చాడు. ఒక ఓటుకు ఆ మాత్రం పెట్టుబడి దండగ కాదనుకున్నాడు.

తీర్మానం చదివారు. వాదనలయ్యాయి. నోటి ఓటులో రెండు పక్కలా ఒకే మోత.

"తేలలేదు," అన్నాడు సభ నడిపే పెద్దమనిషి. "ఔననేవాళ్లు కిటికీల వైపు, కాదనేవాళ్లు సూప్ బల్లల వైపు వెళ్లి నిలబడండి."

ఆమె కూర్చున్నది కిటికీ పక్కనే. కదలకపోతే చాలు.

ఆమె లేచింది. ఒక కాలికి తన బూటు, ఒక కాలికి లూసియన్ బూటు. టక్, టపాక్. టక్, టపాక్. హాలు మధ్యలోకి వచ్చింది.

"పెద్దమ్మా, బాత్రూమ్ అటు కాదు," అన్నాడు లూసియన్ నవ్వుతూ.

"తెలుసు, బాబూ."

ఆ నడక చూసి, అప్పటిదాకా మధ్యలో తటపటాయిస్తున్న కొందరు ఆమె వెనకే వెళ్లారు. తీర్మానం ఓడిపోవడానికి అది చాలింది.

బయట మెట్లమీద లూసియన్ ఆమెను ఆపాడు.

"మీకేం పోయిందండీ? అమ్ముకునే ఇల్లొకటి ఉంటే తెలిసేది."

ఆమె తన ఎడమకాలి వైపు చూసుకుంది.

"బూటు కడిగి పంపిస్తాను. నీ పేరేమిటి, బాబూ?"

"తీబో. వద్దు, ఉంచుకోండి. ఇంతపోయాక బూటొక లెక్కా?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఊరుకోలేక మళ్లీ అన్నాడు: "నా బూటు వేసుకునే నాకు ఎదురు నడిచారు."

జూన్‌లో ఒడీల్ ఫోన్ చేసింది.

"నాన్నా, ట్రస్టువాళ్లు పిలిచారు. కొండ అవతల పక్క ఊళ్లో, ఏటి ఒడ్డున ఇల్లు. నా జీతానికి అందే ధరే."

లూసియన్ ఒడీల్‌తో కలిసి వెళ్లి చూశాడు. కప్పు ఎక్కి తొక్కి చూశాడు. దూలాల్లోకి మేకు గుచ్చి చూశాడు. నేలమాళిగలో చెమ్మ వాసనేమైనా ఉందా అని ముక్కు పెట్టి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. అతనికది మరింత అనుమానంగా అనిపించింది.

"ఇంత మంచి సరుకు ఈ ధరకు రాదే, తల్లీ. మెలిక ఎక్కడుంది?"

"మెలికేం లేదు. ముందున్నావిడ ముప్పావు వంతు వదిలేసింది. నువ్వు కొట్టేయిద్దామనుకున్నావే, అదే."

లూసియన్ మనసులో లెక్క వేశాడు. తన తీర్మానం గెలిచి ఉంటే ఈ ఇంటి ధర. ఒడీల్ జీతం. రెండోసారి వెయ్యలేదు.

"ఎవరావిడ?"

"హెస్టర్ ప్రౌటీ అట. ఒంట్లో బాగోక మార్చిలోనే ఇల్లు అమ్మకానికి పెట్టారట. సంతకాలు పెట్టి మేనకోడలి దగ్గరికి వెళ్లారు. పోయిన వారం అక్కడే కన్నుమూశారట, పాపం." ఒడీల్ పిల్లను చంక మార్చుకుంది. "వెళ్లేముందు నీకేదో పెట్టి వెళ్లారట నాన్నా, వెనక గుమ్మంలో. ఆవిడకు నువ్వెలా తెలుసో నాకు తెలీదు."

అతను వెనక్కి వెళ్లాడు.

వచ్చే చలికాలానికని ఎండిన మేపుల్ కట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిమీద, బురద కడిగి, ముడుచుకుపోకుండా లోపల పాత కాగితాలు కుక్కిన ఎడమకాలి బూటు.

ఆ రోజు కిటికీ పక్కన కదలకుండా కూర్చుంటే అందరికంటే ముందు పూర్తి ధర అందుకోవలసిన మనిషి, ఆ బూటు ఈడ్చుకుంటూ అవతలికి నడిచింది.