కస్టమ్స్‌లోనే ఉందట

"వచ్చిందా?" తలుపు లోపలి నుంచి అడిగాడు నిరంజన్.

"కస్టమ్స్‌లోనే ఉందట" అంది అతని భార్య కోమలి, బయటి నుంచి.

సూరత్‌లోని అడాజన్ పేటలో వాళ్ల ఫ్లాట్‌కి రెండే గదులు. ఒకదాంట్లో కరోనాతో అతను. ఎనిమిదో రోజు. జ్వరం తగ్గింది, దగ్గు మిగిలింది.

హజీరాలో ఉద్యోగం పోయిన రోజే ఆఫీసు లాప్‌టాప్ వెనక్కి ఇచ్చేశాడు. పుణె కంపెనీ ఒకటి డిజైన్ టెస్టుకు పిలిచింది. శుక్రవారం ఉదయం పదింటికి, ఆన్‌లైన్‌లో. ఫోన్‌లో అయ్యే పని కాదు. సూరత్‌లో షాపులు మూసి ఉన్నాయి. ఇంటి నుంచే ఆఫీసులు నడుస్తున్న రోజుల్లో అరువిచ్చేవాళ్లు లేరు. చివరికి ఆన్‌లైన్‌లో సింగపూర్ అమ్మకందారు దగ్గర కొన్నాడు. కస్టమ్స్‌కి ఇంటి అడ్రసున్న ఆధార్ కావాలి, అతనిదాంట్లో ఇంకా కాకినాడ అడ్రసే ఉంది. అందుకని పార్సిల్ కోమలి పేరు మీద తెప్పించాడు. ఆధార్ కాపీ, సుంకం, ఓటీపీ, కొరియర్ మెసేజీలు, అన్నీ ఆమె ఫోన్‌కే.

రోజూ పొద్దున్నే ట్రాకింగ్ పేజీ ఫొటో పంపేది. ముంబై కస్టమ్స్ తనిఖీలో ఉంది. రోజూ అదే వాక్యం.

ఒంటరి గదిలో మనిషి చెవులతోనే బతుకుతాడు. పాల కోసం ఆమె గేటు దాకా వెళ్లి రావడం, చేతులు కడుక్కోవడం, ఫోన్‌లో కొరియర్ వాళ్లను బతిమాలడం అతనికి వినిపించేవి.

"భాయ్, ఫ్రైడే తక్ చాహియే. హస్బెండ్ కీ నౌకరీ కా సవాల్ హై... నహీ భాయ్, ఐసా మత్ బోలియే."

శుక్రవారానికల్లా కావాలని, భర్త ఉద్యోగం దాని మీదే ఉందని హిందీలో వేడుకునేది. అవతలి మాట వినిపించేది కాదు. ఆ గొంతుతో ఆమె ఎవర్నీ ఏదీ అడగ్గా అతను వినలేదు. ఒక్కసారి తప్ప.

నిరుడు టీచరు ఉద్యోగానికి ఒక స్కూలు వాళ్లు ఆమెను ఆన్‌లైన్‌లో డెమో క్లాసు చెప్పమన్నారు. ఒక్క గంట లాప్‌టాప్ ఇమ్మంది. "ఆఫీసుది, ముట్టుకోకు" అన్నాడు. ఫోన్‌ని కుక్కర్‌కి ఆనించి పాఠం చెప్పింది. మధ్యలో అది జారి పడింది. ఉద్యోగం రాలేదు. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మరిచిపోయి ఉంటుందనుకున్నాడు.

మొదటి మూడు రోజులు కంచం గుమ్మం ముందు నేలమీద పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయేది. వంగి తీసుకుంటుంటే కుక్కకు పెట్టినట్టు అనిపించేది. అది ఆమెతో అనలేదు. నాలుగో రోజు తలుపు తీసేసరికి అక్కడ జానెడు ఎత్తున పాత దుప్పటి పరిచి ఉంది. కంచం దాని మీద.

"పీట వేశావా?" అన్నాడు.

"నేలమీద పెడితే బాగోలేదండీ."

ఒక పూట చారు ఒలికింది. "దుప్పటి తీసి నేనే ఉతికేస్తాలే" అన్నాడు.

"మీరు ముట్టుకోకండి" అంది.

ఇంత ఓపిక ఈమెలో ఎక్కడుందని ఆ రాత్రంతా ఆలోచించాడు. లేవగానే ఆధార్‌లో అడ్రసు కాదు, తనే మారాలనుకున్నాడు.

శుక్రవారం పది దాటింది. పదకొండింటికి పుణెకి ఫోన్ చేశాడు. ఇంకో తేదీ లేదన్నారు. తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఏడ్చాడు. అవతల ఆమె అడుగులు వచ్చి ఆగాయి.

"నువ్వు చేయగలిగిందంతా చేశావు కోమలీ."

దుప్పటి మీద కంచం పెట్టిన చప్పుడైంది.

"ఏడిస్తే దగ్గొస్తుంది. అన్నం పెట్టాను, తినండి."

తిన్నాడు. ఖాళీ కంచం బయట పెట్టి తలుపు వేసుకున్నాడు.

కోమలి గ్లౌజులు తొడుక్కుని, కంచం పక్కకు జరిపి, చారు మరకల దుప్పటిని ఉతకడానికి లాగింది. దాని కింద, నాలుగో రోజునే వచ్చిన లాప్‌టాప్ పార్సిల్, సింగపూర్‌లో అంటించిన టేపు కూడా ఊడకుండా, అలాగే ఉంది.