వెనక సీటు

“ఇదే ఇచ్చేయండి,” అన్నాడు అన్నయ్య, షాపు ముందు నిలిపిన తన చిన్న అడ్వెంచర్ బైకు వెనక సీటు మీద పెద్ద బ్యాగు పెట్టి చూసుకుంటూ.

చేతికర్ర ఊతంగా నిలబడ్డ చెల్లెలు అడ్డుపడింది. “అది కట్టేస్తే నేనెక్కడ కూర్చోను?”

అతను బ్యాగు మీంచి చేయి తీసేశాడు. నిరుడు కొండ మలుపులో బండి జారి, వెనక కూర్చున్న ఆమె కాలు విరిగింది. నడుపుతున్న అతనికి మాత్రం గీత కూడా పడలేదు. ఆ తర్వాత ప్రయాణాలన్నీ ఒంటరిగానే చేశాడు.

“మళ్లీ నా బండెక్కుతావా?”

“నువ్వు రమ్మంటేగా! కాలు విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు అన్నయ్యా. నాతో చెప్పకుండా వెళ్లిపోయావే, ఆ పొద్దున ఏడ్చాను.”

ఆమె భయపడుతుందనే చెప్పలేదని ఇన్నాళ్లూ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. భయపడింది తనే.

“ప్యాక్ చేయమంటారా?” అనడిగాడు షాపతను.

“వద్దండీ,” అన్నాడు అన్నయ్య. “పక్కలకి తగిలించే బ్యాగులు చూపించండి. ఒకదానికి చేతికర్ర కట్టుకునే వీలుండాలి.”

“ఎర్రవి తీసుకుందాం,” అంది చెల్లెలు హుషారుగా.

అతను ఆమె ముఖంలోకి చూడలేక, బ్యాగు పట్టీలు గట్టివో కావో అని లాగి చూస్తూ ఉండిపోయాడు.