దేవుడు వద్దన్న ఉద్యోగం

ఫ్రిజ్ మీదున్న వాగ్దానం కార్డును జయంతి ఒక్క లాగు లాగి చెత్తబుట్టలో పడేసింది.

"అయ్యో తల్లీ, దేవుడి మాటమ్మా అది!" పులిహోర డబ్బా పట్టుకుని అప్పుడే లోపలికొచ్చిన పాస్టరమ్మ కంగారుపడింది.

"ఆ మాట నమ్మే కదా అమ్మగారూ, ఈ పెట్టెలు సర్దుకుంటున్నాం!"

హాలంతా సూట్‌కేసులే. వచ్చే వారమే గుంటూరు ప్రయాణం. డిసెంబర్‌లో రాజీవ్ ఉద్యోగం ఊడింది. హెచ్1బి వీసా మీదున్నవాణ్ణి ఉద్యోగం లేకుండా అమెరికా ఎన్నాళ్ళు భరిస్తుంది? ఇచ్చిన గడువు కాస్తా అయిపోవచ్చింది.

అలాగని దారి లేకపోలేదు. లేఆఫ్ సంగతి చెప్పిన సాయంత్రమే రాజీవ్ ఇంకో కబురూ చెప్పాడు, రెడ్‌మండ్‌లో ఆఫర్ వచ్చిందని. జయంతి ఎగిరి గంతేసింది. అక్క చరిత ఉండేది అక్కడే. వెంటనే ఫోన్ చేసి ఇల్లు కూడా వెతకమంది. రాజీవే "తొందరెందుకు, ప్రార్థన చేద్దాం" అంటూ నాన్చాడు.

అంతలో కొత్త సంవత్సరం ఆరాధన వచ్చింది. వాళ్ళుండే షామ్‌బర్గ్‌లోని తెలుగు సహవాసంలో ఆ రోజు పాస్టరమ్మ పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంది. బోర్లించిన కార్డుల్లో పైనున్నది ఇంటికొకటి తీసుకోవాలి. అందులో ఉన్న వాక్యమే ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చే వాగ్దానం. జయంతి చేతికొచ్చింది, బైబిల్లో కరువొచ్చినప్పుడు ఇస్సాకుతో దేవుడన్న మాట. ఎక్కడికీ వెళ్ళొద్దు, నేను చెప్పిన చోటే ఉండు, నిన్ను ఆశీర్వదిస్తాను అని.

ఏడ్చింది జయంతి. ఏడ్చి, లోబడింది. నమ్మకమంటే నోటితో అనడం కాదు, చెప్పిన మాట వినడం అని సండే స్కూల్‌లో నేర్చుకున్న పిల్ల మరి! రావట్లేదని అక్కకు తనే ఫోన్ చేసి చెప్పింది. సహవాసంలో లేచి నిలబడి సాక్ష్యం కూడా ఇచ్చింది, "చేతికొచ్చిన ఉద్యోగాన్ని దేవుడి కోసం వదులుకున్నాడు మా ఆయన" అని. రాజీవ్ తల దించుకున్నాడు. ఎంత అణకువో అని మురిసిపోయింది పిచ్చిది.

"లోబడితే ఆశీర్వదిస్తానన్నాడుగా అమ్మగారూ! ఏదీ ఆశీర్వాదం? ఇక్కడ ఒక్క ఉద్యోగమైనా వచ్చిందా? నేను మాట విన్నాను, దేవుడు మాట తప్పాడు. ఆయనే మోసం చేస్తే ఇంకెవరితో చెప్పుకోను?"

పాస్టరమ్మ కుర్చీలో కూలబడింది.

"దేవుణ్ణి అనకు తల్లీ. పాపం నాది. ఆ కార్డు నీ దగ్గరికొచ్చేసరికి పైన ఉండేట్టు పెట్టింది నేనే."

జయంతి చెత్తబుట్టలోని కార్డు వైపు చూసింది.

"రాజీవ్ అడిగాడమ్మా. రెడ్‌మండ్ వెళ్ళడం తనకిష్టం లేదట, చెబితే నువ్వు వినట్లేదట. 'దేవుడు చెబితే మాత్రం వింటుంది అమ్మగారూ' అని ఒకటే బతిమాలాడు. సంసారంలో గొడవెందుకులే అనుకున్నాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

జయంతికి ఒళ్ళు భగ్గుమంది. విసురుగా గరాజ్‌లోకి వెళ్ళింది. రాజీవ్ అట్టపెట్టెకు టేప్ వేస్తున్నాడు.

"కార్డు పెట్టించింది నువ్వా?"

అతని చేతులు ఆగిపోయాయి.

"ఇష్టం లేకపోతే నాతో చెప్పొచ్చుగా! నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. దేవుడి గొంతుతో మాట్లాడతావా? నేను లోబడింది ఆయనకనుకున్నాను రాజీవ్! నువ్వు చేసినదానికి ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను!"

"సారీ జయంతీ..."

"నీ సారీ ఎవరిక్కావాలి? ఫోన్ తియ్. రెడ్‌మండ్ వాళ్ళకి కాల్ చెయ్. పొరపాటైందని చెప్పి, జాబ్ ఇంకా ఓపెన్‌గా ఉందేమో అడుగు. ఇంకా వారం టైముంది. కాళ్ళయినా పట్టుకుందాం!"

రాజీవ్ మళ్ళీ టేప్ అందుకున్నాడు.

"నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తా. ఆఫర్ ఇచ్చిన ఆ మేనేజర్ పేరేంటి? చెప్పు, పేరేంటి?"

రాజీవ్ టేప్ కింద పెట్టాడు.

"అసలు ఆఫరే రాలేదు."