మత్తులో అన్న మాట

“అది నేనన్న మాట కాదు తల్లీ, మందు అనిపించిన మాట!”

పొద్దున లేచిన దగ్గర్నుంచీ పాలిష్ మేస్త్రి ఈ ఒక్క ముక్కే తిప్పి తిప్పి అంటున్నాడు. కూతురు వింటున్నట్టే లేదు. మంచం మీద సంచీ తెరిచి బట్టలు కుక్కుకుంటోంది. పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోతుందట. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగే మొహం లేక మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

నిన్న సాయంత్రం ఆయన వెలగబెట్టిన ఘనకార్యం అలాంటిది మరి. కూతురికి చిన్నప్పట్నుంచీ నత్తి. అద్దం ముందు కూర్చుని రోజుకో పేజీ పైకి చదువుకుంటూ, రోజుకో మాటని లొంగదీసుకుంటూ ఎలాగో దాన్ని దారికి తెచ్చుకుంది. ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచింది. వడ్డిస్తూ, నవ్విస్తూ గలగలా కబుర్లు చెబుతున్న పిల్ల ఒక్క మాట దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే, గ్లాసు పట్టుకుని మూల కూర్చున్న తండ్రి “మ... మ... మా మేనేజరూ!” అని అచ్చం ఆ పిల్లలాగే వెక్కిరించి పగలబడి నవ్వాడు.

ఇంకెవరూ నవ్వలేదు. వచ్చినవాళ్ళు కంచాల్లోకి చూసుకుంటూ, తిన్నామనిపించి లేచిపోయారు. ఆ నవ్వు తన చెవుల్లో మళ్ళీ వినబడుతుంటే మేస్త్రికి తల కొట్టేసినట్టవుతోంది.

“తిట్టు తల్లీ. చెంప పగలగొట్టు. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు.”

కూతురు సంచీ జిప్పు లాగి ఇటు తిరిగింది. “నా... నా... నాన్నా,” అంది. ఆ ఒక్క పిలుపుకే నత్తి తిరగబెట్టింది. అన్నేళ్ళ కష్టాన్నీ ఒక్క పూటలో ఏట్లో కలిపేశానని మేస్త్రికి అర్థమైంది.

“ని... నిజం చెప్పు. తెలివిలో ఉంటే ఆ మా... మాట అనేవాడివా?”

“ప్రాణం పోయినా అనను! నీ మీద ఒట్టు. నిన్ను ఎవడైనా వెక్కిరిస్తే వాడి ఇంటి మీదికి పోయి గొడవ పెట్టుకున్నవాణ్ణి, నేనంటానా? ఆ గ్లాసు లోపలికి పోయాక నేను నేను కాదు తల్లీ.”

వంటింటి గుమ్మంలో భార్య కనబడింది. బస్టాండులో టీ కొట్టు ఆవిడది. ఈపాటికి మొదటి కాపు టీ దించేసి ఉండాల్సిన మనిషి, ఇవాళ ఇల్లు కదల్లేదు.

“ఊరికే ఒట్లు వెయ్యకండి,” అంది.

“వెయ్యనీ అమ్మా,” అంది కూతురు. “డాక్టరు నీ గ్లాసులో రో... రోజుకో చెంచాడు తగ్గించమంటే విన్నావా నాన్నా?”

వినకేం, మేస్త్రి రెండ్రోజులు విన్నాడు. మూడోనాడు, “చెంచాడు తగ్గిస్తే ఒరిగేదేంటి? నా గ్లాసు నాకు నిండుగా పడాల్సిందే!” అని కంచం విసిరేశాడు. అప్పట్నుంచీ, ఈ ఆర్నెల్లుగా, సీసా తెచ్చేది ఆయనే గానీ, దాన్ని దాచేదీ రోజూ గ్లాసు నింపి చేతికిచ్చేదీ భార్యే.

“చెక్కకి పాలిష్ ఒకేసారి దట్టంగా పట్టిస్తే నిలవదు, రోజుకో పూత పలచగా వెయ్యాలని పనివాళ్ళ మీద అరుస్తుంటాను,” అన్నాడు మేస్త్రి, కళ్ళు తుడుచుకుంటూ. “ఆ బుద్ధి నాకు లేకపోయింది. ఇంక చెంచాలూ వద్దు, గ్లాసులూ వద్దు. నీ కళ్ళ ముందే పారబోస్తాను, చూడు.”

విసవిసా వంటింట్లోకి నడిచాడు. భార్య అడ్డం వచ్చింది.

“ఇప్పుడదంతా ఎందుకండీ? వదిలెయ్యండి.”

“తప్పుకో! ఇంకా దాన్ని దాచి ఎవరికి పెడతావు?”

అలమారలోంచి సీసా లాగి తూములోకి వంచాడు. ఏళ్ళ తరబడి పాలిష్ స్పిరిట్ పీల్చి పీల్చి మొద్దుబారిన ముక్కుకి ఏ వాసనా తగల్లేదు. ఆ మాటకొస్తే ఆయన నాలుక్కీ రుచి తెలియడం ఎప్పుడో మానేసింది. ఎర్రటి ధార బుడబుడమంటూ కిందికి పోయింది.

కూతురు గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. చివరి చుక్క దాకా చూసి, దగ్గరకొచ్చి తండ్రి భుజం మీద తల ఆనించింది.

“నువ్వు కాదులే నాన్నా. మందే,” అంది. ఎక్కడా తడబడలేదు.

మొహం కడుక్కుని, సంచీ మంచం మీదే వదిలేసి ఆఫీసుకి బయల్దేరింది. వీధి మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపింది. మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“చూశావా, నమ్మింది నా తల్లి!” అన్నాడు భార్యతో. “నువ్వేంటే అలా రాయిలా నిలబడ్డావు? ఇంక జన్మలో తాగను.”

“తాగరు. నాకు తెలుసు,” అంది ఆవిడ. ఆయన మొహంలోకి చూడకుండా తూము కడుగుతోంది. “దానికి మాత్రం ఎప్పటికీ తెలియనివ్వకండి.”

“ఏంటి తెలియనివ్వకూడనిది?”

“మీరు కంచం విసిరిన మర్నాటి నుంచీ రోజుకో చెంచాడు మందు తీసేసి, అల్లమూ మిరియాలూ మరిగించిన టీ డికాషన్ చెంచాడు కలుపుతూ వచ్చాను,” అంది భార్య. “నిన్న మీ గ్లాసులో ఉన్నది ఉత్త డికాషనేనండీ.”